కరువుసీమ వివాహభోజనం

జీవితం అసంబద్ధమన్న మాట వినగానే సాహిత్యాభిమానులకు 1942లో వెలువడిన కామూ ‘సిసిఫస్’ వ్యాసం స్ఫురిస్తుంది. నాకు మాత్రం ఘటోత్కచుని ముందు తమంతట తామే కదిలే లడ్డూలు స్ఫురిస్తాయి. ప్రాణంలేని వస్తువుకు ప్రాణం పోయడమే యానిమేషన్ అనుకుంటే, ఆ లడ్డూల పుట్టుపూర్వోత్తరాలు మనల్ని కడప జిల్లాకు చేరుస్తాయి.

మొదట తోలుబొమ్మలాట. మేకతోలును వెలుగు సోకేంత పలుచన చేసి, రంగులద్ది, తలా చేతులూ కాళ్ళూ విడివిడిగా కోసి దారపు ముడులతో కీళ్ళు కట్టేవారు. తెర వెనక దీపం, మద్దెల, తాళాలు, పాదాల కింద చెక్కల చప్పుడు, ఇన్ని కలిస్తేగాని ఒక్క బొమ్మ నడిచేది కాదు. జర్మనీలో లోటె రైనిగర్ కీళ్ళున్న నీడబొమ్మలను ఫ్రేము తరవాత ఫ్రేముగా చిత్రించి ‘రాకుమారుడు అహ్మద్ సాహసాలు’ విడుదల చేసింది 1926లో. ఆ కీళ్ళు మన బొమ్మలవారికి తరతరాల విద్య. రామాయణం నడుమ కేతిగాణ్ణీ, బంగారక్కనూ, జుట్టుపోలిగాణ్ణీ ప్రవేశపెట్టడం వారి మరో విద్య. అవతారపురుషుడు కష్టాల్లో ఉండగా వీళ్ళు వచ్చి, మోటు హాస్యమాడి, తన్నుకుని పోతారు. కథకు వారితో పనిలేదు. బతుకుకు ఉంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ నాటకం ఆడించారు. మరాఠీ ఇంటిభాషగా గల తోలుబొమ్మల కుటుంబాలు అలా తెర వెనక నుంచి తెర ముందుకు వచ్చాయి. బొమ్మలు పోయినా మాయ పోలేదు. సురభివారి ‘మాయాబజార్’లో వంటకాలు గాలిలో తేలి ఘటోత్కచుని నోటికి చేరడం ప్రేక్షకులు ఎదురుచూసే ఘట్టమయింది.

ఆ ప్రేక్షకులెవరు? 1866 కరువులో కర్నూలు జిల్లా ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గాదెలు తెరచి అన్నం పెట్టించిన సీమవారు. 1876-78 ధాత కరువులో, రిచర్డ్ టెంపుల్ నిర్ణయం ప్రకారం, కరువు పనికి వెళ్ళిన మగవాడికి రోజుకు పౌను ధాన్యమూ ఒక అణా దక్కాయి. పౌనంటే దాదాపు 450 గ్రాములు. ఆ కరువు ముగిసిన ఏడేళ్ళకే సురభి పుట్టింది. ఆకలి తెలిసినవారు, ఒక్కడే పెళ్ళివారి వంటంతా ఊడ్చేయడం చూసి కడుపుబ్బ నవ్వారు. ఇది ఆకలిని మరచిన నవ్వు కాదు, దాన్ని ఎరిగిన నవ్వు.

1957లో ‘మాయాబజార్’ సినిమాగా వచ్చింది. నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. దర్శకుడు కె.వి. రెడ్డిది పొరుగున ఉన్న తాడిపత్రి. ఇద్దరూ 1912లో పుట్టినవారే. మార్కస్ బార్ట్లీ కెమెరా, ఎస్.వి. రంగారావు నటన, మాధవపెద్ది సత్యం గాత్రం, నమూనాగా కట్టిన ద్వారక, కదిలే వంటకాలు అన్నీ ఒకే తెరమీద కలిశాయి. అదే సంవత్సరం బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగం ‘బనియన్ డీర్’ పూర్తిచేసింది. మన యానిమేషన్ చరిత్ర రాసేవారు దాన్ని తప్పక పేర్కొంటారు. ఈ లడ్డూలకూ ఆ పక్కన ఒక వాక్యం దక్కాలని నా మనవి.

బొమ్మలు చేసిన చేతులు ఇప్పుడు దీపాల గుమ్మటాలు చేస్తున్నాయి. సురభి సమాజాలు వేళ్ళమీద లెక్కించేన్ని మిగిలాయి. బతుకులోని అర్థరాహిత్యాన్ని బొమ్మల్లో చెప్పాలనుకునే యువ మిత్రులు కామూను చదవవలసిందే. అయితే కేతిగాణ్ణి చూసినవారు బతికుండగానే వారినీ ఒకసారి అడిగి చూడాలి.