సముద్రం, శీతోష్ణస్థితి: అసలు కొలతలతో పాఠం

సముద్రానికీ వానలకూ ఉన్న సంబంధాన్ని బొమ్మ చూపించి చెప్పడం పాత పద్ధతి. నిజంగా కొలిచిన అంకెలు చేతికిచ్చి, విద్యార్థుల చేతే గ్రాఫు గీయించడం ఇప్పటి పద్ధతి. అందుకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఆర్గో డేటా.

ఆర్గో 1999లో రూపుదిద్దుకున్న అంతర్జాతీయ కార్యక్రమం. దాదాపు 4,000 ఫ్లోట్లు, అంటే తేలుతూ మునుగుతూ కొలిచే పరికరాలు, సముద్రాల్లో తిరుగుతుంటాయి. ఒక్కొక్కటి 1,000 మీటర్ల లోతున ప్రవాహం వెంట సాగుతూ, 10 రోజులకోసారి 2,000 మీటర్లకు దిగి, అక్కడినుంచి ఉష్ణోగ్రత, లవణీయత కొలుచుకుంటూ పైకొస్తుంది. లోపలి నూనె బయటి తిత్తిలోకి చేరితే ఫ్లోటు ఉబ్బి తేలుతుంది, నూనె వెనక్కొస్తే మునుగుతుంది. కొలతలన్నీ ఉపగ్రహం ద్వారా అందుతాయి, ఎవరికైనా ఉచితం. హిందూ మహాసముద్రానికి ప్రాంతీయ డేటా కేంద్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్.

తరగతిలో మొదటి చిక్కు గ్రాఫు దగ్గరే వస్తుంది. లెక్కల పీరియడులో నిలువు గీత మీద అంకెలు పైకి పెరుగుతాయి. ఇక్కడ ఆ గీత లోతును చూపుతుంది కనుక సున్నా పైన, 2,000 అట్టడుగున. ఈ తిరకాసు ఒక్కటి అర్థమైతే బంగాళాఖాతం కళ్లముందుకొస్తుంది. అక్టోబరు కొలతలు గీస్తే పైన ఉప్పు తక్కువ, కింద ఎక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన మంచినీరు తేలిక కనుక మూతలా పైన పరుచుకుంటుంది. గాలి ఎంత చిలికినా అడుగునున్న చల్లనీరు అంత సులువుగా పైకి రాదు. తుఫాను బలపడడానికి కావలసిన సుమారు 26.5 డిగ్రీల వేడి అక్కడే నిలిచిపోతుంది. హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది కూడా ఈ నెలలోనే, 2014 అక్టోబరు 12న.

ఎల్ నినో, అంటే పసిఫిక్ నడిమి, తూర్పు భాగాల నీరు మామూలు కంటే వేడెక్కడం. దాని పాఠం మరీ విలువైనది. 2015లో బలమైన ఎల్ నినో, దేశంలో నైరుతి వాన 14 శాతం లోటు. ఎల్ నినో వస్తే వాన తగ్గుతుందన్న సూత్రం కుదిరిందనిపిస్తుంది. 1997లోనూ బలమైన ఎల్ నినోయే, వాన మాత్రం సగటు కంటే 2 శాతం ఎక్కువ! ఇక్కడ ఉపాధ్యాయుడు తొందరపడి జవాబు చెప్పకూడదు. ఆ ఏడాది హిందూ మహాసముద్రం పడమట వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడిన సంగతి పిల్లలే పటంలో పట్టుకోవాలి. దీన్ని హిందూ మహాసముద్ర ద్విధ్రువం అంటారు. 1997లో వాన నిలబడడానికి శాస్త్రజ్ఞులు చెప్పే ముఖ్య కారణాల్లో ఇదొకటి.

కొలతల్లో తప్పులూ దొర్లుతాయి. కాలం గడిచేకొద్దీ లవణీయత సెన్సారు గురి తప్పవచ్చు. అందుకే ప్రతి ఆర్గో అంకె పక్కన నాణ్యత గుర్తు ఉంటుంది. 1 అంటే మంచిది, 4 అంటే చెడ్డది. గ్రాఫు గీయబోయే ముందు ఆ గుర్తుల వరుసను ఒకసారి చూసుకోవాలి.