పేదరికానికి రుజువు అడిగిన ఆట

పోయిన నెల మా సెకండియర్ పిల్లాడొకడు స్టాఫ్‌రూం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "సార్, నేను మానేస్తున్న. సిటీల గోడౌన్‌ల పని దొరికింది" అన్నాడు. నేను ఆలోచించకుండా అనేసిన మాట: "ఇంకొక్క ఏడాదే కదరా, డిగ్రీ చేతికొస్తది." వాడు ఎదురు చెప్పలేదు. నెమ్మదిగా, "ఆ ఏడాది ఇల్లు గడవాలె కద సార్" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పిహెచ్‌డీలో దానికి సంబంధించిన చాప్టర్ కూడా లేదు. ఆ రాత్రి నాకు గుర్తొచ్చినవాడు స్పెన్సర్ హేవుడ్. ఈ భాగం ఆయన గురించి. బాస్కెట్‌బాల్ మీకు తెలియకపోయినా పర్లేదు, నాకూ ఆట కన్నా ఆట చుట్టూ ఉన్న చరిత్రే ఎక్కువ తెలుసు.

హేవుడ్ 1949లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో సిల్వర్ సిటీ అనే ఊళ్లో పుట్టాడు. పేరులో సిటీ, వెండి రెండూ ఉన్నాయి గానీ ఊళ్లో ఉన్నది పత్తి. పది మంది పిల్లల్లో ఒకడు. తను పుట్టకముందే తండ్రి చనిపోయాడు. తల్లి పత్తి ఏరేది, కాస్త నడక వచ్చాక పిల్లలూ ఏరేవాళ్లు. పత్తికాయ ముళ్లు గీసుకుపోయిన వేళ్లు ఎలా ఉంటాయో ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు పిల్లలకు నేను వర్ణించక్కర్లేదు. పదిహేనేళ్లప్పుడు ఊరు వదిలి ఉత్తరాదికి వెళ్లాడు, డెట్రాయిట్‌లో హైస్కూలు చదివాడు. చదువు సంగతేమో గానీ, ఆటలో మాత్రం అతన్ని ఆపినవాడు లేడు.

1968 మెక్సికో ఒలింపిక్స్. టామీ స్మిత్, జాన్ కార్లోస్ పతకాలు వేసుకుని నల్ల గ్లవ్ తొడిగిన పిడికిళ్లు ఎత్తిన ఒలింపిక్స్. నల్లజాతి ఆటగాళ్ల హక్కుల కోసం సాగిన ఉద్యమంలో భాగంగా లూ అల్సిండర్ (తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అయ్యాడు) ఆ జట్టులో ఆడలేదు. ఆ ఖాళీలో 19 ఏళ్ల హేవుడ్ వచ్చి జట్టులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టి బంగారు పతకం తెచ్చాడు. మరుసటి సీజన్ డెట్రాయిట్ యూనివర్సిటీ తరఫున మ్యాచ్‌కు సగటున 32 పాయింట్లు. అమ్మ మాత్రం మిసిసిపిలోనే ఉంది, అదే పనిలో.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. అమెరికాలో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోకి వెళ్లే దారి 'డ్రాఫ్ట్'. మన ఐపీఎల్ వేలంతో పోల్చుకోకండి. వేలంలో కనీసం ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ల దగ్గరికి పోతావు. డ్రాఫ్ట్‌లో జట్లు వరసగా కూర్చుని ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. నిన్ను ఏ జట్టు ఎంచుకుంటే బేరం దానితోనే. ఆ డ్రాఫ్ట్‌కైనా అప్పట్లో ఒక గేటుండేది. హైస్కూలు అయ్యాక నాలుగేళ్లు గడవందే ఎవరూ అర్హులు కారు. కాలేజీ చదివినా, చదవకపోయినా అంతే. విల్ట్ చాంబర్లిన్ అంతటివాడు 1958లో కాన్సాస్ యూనివర్సిటీని ఒక ఏడాది ముందే వదిలేస్తే ఎన్‌బీఏ తలుపు తీయలేదు. ఆ ఏడాది హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్‌తో ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఆడాడు.

ఆ నాలుగేళ్లూ ఆటగాడు ఎక్కడ ఆడాలి? కాలేజీలో, జీతం లేకుండా. స్టేడియం నిండుతుంది, టికెట్లు అమ్ముడవుతాయి, కోచ్‌కు జీతం ముడుతుంది. ఆటగాడికి ఫీజు, భోజనం, గది. అంతకుమించి పైసా ముట్టుకుంటే కాలేజీ ఆటకే అనర్హుడు. దీనికి పెట్టిన ముద్దుపేరు 'స్టూడెంట్-అథ్లెట్'. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మన తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లం కాస్త ఆగి చూడాలి. 1950లలో కొలరాడోలో రే డెన్నిసన్ అనే కుర్రాడు కాలేజీ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిచేస్తూ చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం ఇమ్మని భార్య అడిగింది. ఆ కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదని చెప్పి 1957లో కొలరాడో సుప్రీంకోర్టు కాదంది. కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ ఆ రోజుల్లోనే, ఇలాంటి కేసులకు భయపడి 'స్టూడెంట్-అథ్లెట్' అనే మాటను తయారుచేసి అందరిచేతా పలికించింది. ఈ సంగతి బయటపెట్టింది ఎవరో ఉద్యమకారుడు కాదు. మూడున్నర దశాబ్దాలు ఆ సంఘాన్ని నడిపిన వాల్టర్ బైయర్స్, రిటైరయ్యాక 1995లో రాసిన తన పుస్తకంలో చెప్పాడు. కూలివాడిని కూలివాడు అనకుండా ఉండటానికి ఒక పదం పుట్టించారు. పదాల పుట్టుక గురించి పాఠం చెప్పేటప్పుడు నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

హేవుడ్ దగ్గరికి వద్దాం. అప్పట్లో ఎన్‌బీఏకు పోటీగా ఏబీఏ అని ఇంకో లీగ్ ఉండేది. అది కుటుంబ ఇబ్బందుల పేరుతో మినహాయింపు ఇచ్చి 1969లో అతన్ని డెన్వర్ రాకెట్స్ జట్టులోకి తీసుకుంది. మొదటి ఏడాదే మ్యాచ్‌కు 30 పాయింట్లు. ఉత్తమ కొత్త ఆటగాడు, లీగ్ మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడు, రెండు అవార్డులూ అతనికే. కాంట్రాక్టు 19 లక్షల డాలర్లని పేపర్లలో మోగిపోయింది. కాగితాలు విప్పి చూసుకుంటే చేతికొచ్చేది కొంతే, పెద్ద మొత్తమంతా పెట్టుబడుల లెక్కల్లో పడి ఎప్పుడో నడివయసులో వచ్చేది. సంతకం పెట్టినప్పుడు అతను చట్టం దృష్టిలో మైనరు. చదవకుండా వేలిముద్ర వేయించుకున్న పత్రాల కథలు మన ఇళ్లలో తాత తరం నుంచి వింటున్నవే కదా. తనను మోసం చేశారని హేవుడ్ ఆ జట్టును వదిలేశాడు.

1970 చివర్లో సియాటిల్ సూపర్‌సానిక్స్ యజమాని శామ్ షుల్మన్ అతన్ని తీసుకున్నాడు. ఇది ఎన్‌బీఏ జట్టు. హైస్కూలు అయ్యి నాలుగేళ్లు ఇంకా నిండలేదు, కొన్ని నెలలు తక్కువ. ఆ కొన్ని నెలల కోసం ఒక లీగ్ మొత్తం ఒక్క కుర్రాడి మీద పడింది. కోర్టు ఉత్తర్వు ఉన్న రోజు ఆడేవాడు, కొట్టేసిన రోజు కూర్చునేవాడు. కొన్ని ఊళ్లలో మైకులో 'చట్టవిరుద్ధమైన ఆటగాడు కోర్టులో ఉన్నాడు' అని ప్రకటించేవారనీ, తనను స్టేడియం నుంచి బయట మంచులోకి పంపేశారనీ హేవుడ్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ప్రేక్షకులు సీసాలు విసిరేవాళ్లట.

మనిషే చట్టవిరుద్ధం. చేసిన పని కాదు, మనిషి. ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోతాను.

కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1971 మార్చి 1న జస్టిస్ విలియం డగ్లస్ హేవుడ్‌ను ఆడనివ్వాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఆయన చూపిన కారణం చాలా నేల మీది కారణం. ఆటగాడి కెరీర్ చిన్నది. ఇప్పుడు కూర్చోబెడితే ఒంటి సత్తువ, నైపుణ్యం, పేరు అన్నీ దెబ్బతింటాయి, ఆ నష్టాన్ని తర్వాత డబ్బుతో పూడ్చలేరు. ఇంకొక్క ఏడాదే కదా అనేవాళ్లకు (నాకూ) ఆ ఉత్తర్వులో జవాబుంది. అసలు కేసులో లాస్ ఏంజెలెస్ జిల్లా జడ్జి వారెన్ ఫెర్గూసన్, జట్లన్నీ కలిసి ఒక మనిషిని బయట పెట్టడం పోటీ చట్టాలకు విరుద్ధం అన్నాడు. ఈ నియమంలో మినహాయింపు అడగడానికి గానీ, తన మాట వినిపించుకోవడానికి గానీ దారే లేదని ఎత్తిచూపాడు. అదే కాలంలో బేస్‌బాల్‌లో కర్ట్ ఫ్లడ్ అనే ఇంకో నల్లజాతి ఆటగాడు, నన్ను సరుకులా మార్చుకోవద్దని కోర్టుకెక్కి 1972లో ఓడిపోయాడు. గెలుపు ముందే రాసిపెట్టి ఉందని అనుకోవద్దని ఈ సంగతి చెబుతున్నా.

ఎన్‌బీఏ రాజీకొచ్చింది. కానీ తలుపు బార్లా తెరవలేదు. సందు ఇచ్చింది. 1971 నుంచి కాలేజీ పూర్తికాకముందే రావాలనుకునేవాడు 'హార్డ్‌షిప్' నిరూపించుకోవాలి. అంటే, నేను పేదవాణ్ని, మా ఇల్లు గడవడం లేదు అని లీగ్‌కు కాగితాలు చూపించాలి. మొదటి విడతలో వచ్చినవాళ్లలో ఫిల్ చెనియర్ లాంటివాళ్లు తర్వాత పెద్ద ఆటగాళ్లయ్యారు.

స్కాలర్‌షిప్ కోసం ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని మీసేవ నుంచి తహసీల్దార్ ఆఫీసుకు, అక్కడి నుంచి మళ్లీ మీసేవకు తిరిగిన ప్రతి ఒక్కరికీ ఈ నియమం రుచి తెలుసు. పనితనం ఉంది, కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు. అయినా మధ్యలో ఒక బల్ల, దాని వెనకాల ఒక మనిషి. 'నువ్వు నిజంగా పేదవాడివేనా?' ఉన్నోడి కొడుకు ఆడతానంటే అది ఆశయం. లేనోడి కొడుకు ఆడతానంటే అది అవసరం, దానికి స్టాంపు కావాలి. ఆచరణలో అదొక తంతుగా మారిపోయింది, ఐదేళ్ల తర్వాత 1976లో ఎత్తేశారు. అప్పటి నుంచి రుజువు అక్కర్లేదు, పేరిస్తే చాలు. మ్యాజిక్ జాన్సన్ రెండేళ్లకే 1979లో వచ్చాడు. 1984లో మైకేల్ జోర్డాన్ మూడేళ్లకు వచ్చి, తర్వాత తిరిగి చదివి 1986లో డిగ్రీ పూర్తిచేశాడు. ఐజయా థామస్ 1981లో వచ్చి 1987లో డిగ్రీ పట్టా తెచ్చుకున్నాడు. డిగ్రీ ఎక్కడికీ పారిపోలేదు.

అయితే ముందే వెళ్లిన ప్రతివాడూ బాగుపడ్డాడని నేను చెప్తే అబద్ధమవుతుంది. లెనీ కుక్ ఒకప్పుడు హైస్కూలు ఆటగాళ్లలో లెబ్రాన్ జేమ్స్ కన్నా పై వరసలో ఉన్నవాడు. 2002లో పేరిచ్చాడు, ఏ జట్టూ ఎంచుకోలేదు. వెనక్కి వెళ్లి కాలేజీలో ఆడుదామంటే దారి మూసుకుపోయింది. చికాగో పిల్లాడు లియాన్ స్మిత్ అమ్మానాన్నల దగ్గర కాదు, ప్రభుత్వ సంరక్షణ గృహాల్లో పెరిగాడు. 1999లో హైస్కూలు నుంచే ఎంపికై, ఆ ఏడాదే మానసికంగా కుప్పకూలాడు. ఇలాంటి పేర్లు చూపించే కదా 2005లో లీగ్, ఆటగాళ్ల యూనియన్ కలిసి మళ్లీ గేటు పెట్టాయి. 19 ఏళ్లు నిండాలి, హైస్కూలు అయ్యి ఏడాది గడవాలి. పిల్లల మేలు కోసమే అన్నారు. అప్పుడు జెర్మైన్ ఓనీల్, తనూ హైస్కూలు నుంచి నేరుగా వచ్చినవాడే, ఇందులో జాతి ప్రశ్న ఉందని బహిరంగంగా అన్నాడు. చాలామందికి కోపం వచ్చింది. కానీ ఆయన అడిగిందాన్ని మీరే ఆలోచించండి. బేస్‌బాల్ జట్లు 1965 నుంచీ హైస్కూలు పిల్లల్ని డ్రాఫ్ట్‌లో తీసుకుంటున్నాయి. టెన్నిస్‌లో జెన్నిఫర్ కాప్రియాటి 1990లో 13 ఏళ్లకే ప్రొఫెషనల్ అయింది. వీళ్ల చదువు గురించి ఇంత దిగులు ఎప్పుడు వినిపించింది? లియాన్ స్మిత్‌కు కావాల్సింది కాలేజీ కాదు, ఒక ఇల్లు.

పైగా ఆ ఒక్క ఏడాది రిస్కు ఎవరిది? 2019 ఫిబ్రవరిలో డ్యూక్ యూనివర్సిటీ మ్యాచ్ మొదటి నిమిషంలోనే జయన్ విలియమ్సన్ బూటు పగిలి మోకాలు మెలితిరిగింది. టికెట్లు వేల డాలర్లకు పోయిన మ్యాచ్ అది, ఒబామా కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ కుర్రాడికి జీతం సున్నా. అదృష్టం బాగుండి కోలుకుని, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటివాడయ్యాడు.

2021లో లెక్క తిరగబడింది. ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏను ఓడించింది. ఆ జులై 1 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చన్నారు. 2025లో కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు పంచే ఒప్పందం వచ్చింది. ఫలితం చూడండి. 2021లో గడువుకు ముందే డ్రాఫ్ట్‌కు పేరిచ్చినవాళ్లు 353 మంది, 2025లో 106. కరోనా ఏడాది అదనపు అవకాశం లాంటి కారణాలూ ఉన్నాయి, సరే. కానీ దశాబ్దాల పాటు ఈ పిల్లలకు ఓపిక లేదు, చదువంటే గౌరవం లేదు అని రాసిన పెద్దమనుషులందరికీ ఇది జవాబు. కూలి ఇస్తే ఉన్నారు.

ఆడపిల్లల సంగతి ఇంకా విచిత్రం. మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 2025 డ్రాఫ్ట్ నాటికి కూడా అమెరికా అమ్మాయికి దాదాపు ఆ పాత గేటే ఉంది. ఆ ఏడాదికి 22 ఏళ్లు నిండాలి, లేదా చదువు పూర్తవ్వాలి. 2024లో మొదటి ఎంపికైన కెయిట్లిన్ క్లార్క్‌కు మొదటి ఏడాది లీగ్ జీతం 76,535 డాలర్లు. ప్రకటనల మీద అంతకన్నా ఎన్నో రెట్లు ఆమె కాలేజీలో ఉండగానే సంపాదించింది. 

హేవుడ్ తర్వాతి జీవితం నున్నగా ఏమీ సాగలేదు. కొకైన్‌కు బానిసై 1980 ఫైనల్స్ మధ్యలో లేకర్స్ జట్టు నుంచి వెళ్లగొట్టించుకున్నాడు, చాలా ఏళ్లు పట్టింది తేరుకోవడానికి. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2015లో గానీ తీసుకోలేదు. ముందస్తుగా డ్రాఫ్ట్‌కు వచ్చే నియమాన్ని 'స్పెన్సర్ హేవుడ్ రూల్' అని పిలవమని ఆయన ఏళ్లుగా అడుగుతున్నాడు. డబ్బు కాదు, పేరు అడుగుతున్నాడు.

మా పిల్లాడు గోడౌన్‌లో చేరాడు. నైట్ షిఫ్ట్. ఓపెన్ యూనివర్సిటీలో చేర్పించే ఫారం నా టేబుల్ మీదే ఉంది, దానికీ ఆదాయ ధ్రువపత్రం జత చేయమన్నారు. ఆదివారం వాడికి సెలవు, ఊరికొస్తానన్నాడు.