ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పేదల గృహనిర్మాణం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పేదల ఇళ్లకు ప్రభుత్వ నిధులు ప్రధానంగా 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ద్వారా అందుతున్నాయి. ఇందిరా ఆవాస్ యోజన (1985), ఇందిరమ్మ (2006), ప్రధానమంత్రి ఆవాస్ యోజన వరసగా వచ్చాయి.

2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా మొదలైన ఇళ్లపట్టాల పంపిణీలో పట్టా ఇంటి ఆడవారి పేరనే ఇచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం. ఇంటికి 1.80 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. పునాది, గోడలు, శ్లాబు లేస్తున్నకొద్దీ బిల్లు పడుతుంది. పునాది ఖర్చు మాత్రం ముందుగా లబ్ధిదారే పెట్టుకోవాలి. కూలికి వెళ్లే కుటుంబానికి అసలు చిక్కు ఇక్కడే. ఇక స్థలం సంగతి చూస్తే, గొడ్డూ గోదా ఉన్న మెట్టరైతుకు సెంటున్నర ఏ మూలకూ చాలదు. 2024 తర్వాత పల్లెల్లో మూడు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది.

పునాదికి కావలసిన తొలి పెట్టుబడికి మహిళా పొదుపు సంఘాలే దిక్కు. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సాగించిన సారా వ్యతిరేక పోరాటం నుంచే జిల్లాలో రోజుకో రూపాయి దాచే ‘పొదుపు లక్ష్మి’ ఉద్యమం ఎదిగింది. ఇళ్ల లబ్ధిదారులకు సంఘాల ద్వారా 35 వేల రూపాయల బ్యాంకు రుణం పావలా వడ్డీకి ఇప్పించారు.

ఎస్టీలైన యానాదుల సంక్షేమానికి నెల్లూరులో ప్రత్యేక గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. అసంపూర్తి ఇళ్లకు 2025లో ప్రకటించిన అదనపు సాయం ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేల రూపాయలు.