మన జోన్ సేఫే.. మరి మన వీధి?

నాచారంలో ఫ్లాటు కొనేప్పుడు బిల్డరు చెప్పిన మాట ఇంకా గుర్తుంది. "హైదరాబాదు సేఫ్ సార్, తుఫాన్లు రావు, భూకంపాలు రావు" అన్నాడు. నేనూ నెట్లో చూసుకున్నాను. భూకంపాల మ్యాపులో మనది జోన్ 2, అంటే అన్నిటికన్నా తక్కువ. సంతకం పెట్టేశాను. 2020 అక్టోబరు 13 రాత్రి సెల్లారులో నా బండి హ్యాండిల్ దాకా నీళ్ళొచ్చాక గానీ, నేను అడగాల్సిన ప్రశ్న అది కాదని తెలియలేదు :)

ఇంతకీ ఈ సేఫ్ జోన్ ని ఎవరు, ఎప్పుడు గీశారు? ఆ కథ చదివితే మన బగ్ ట్రాకరే గుర్తొచ్చింది. మన దేశానికి మొదటి భూకంప జోన్ల ప్రమాణం 1962 లో వచ్చింది. 1967 డిసెంబరులో, పెద్దగా భయం లేదనుకున్న దక్కను పీఠభూమిలో కోయినా దగ్గర భూమి కంపించింది. 1970 లో మ్యాపు మార్చారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి నేలమట్టమైంది, వేల మంది నిద్రలోనే పోయారు. అప్పటి మ్యాపులో ఆ ఊరు జోన్ 1, అంటే అతి తక్కువ ప్రమాదం. 2002 లో ఆ జోన్ 1 నే తీసేసి జోన్ 2 లో కలిపేశారు. అంటే ప్రొడక్షన్ లో కూలాకే సివియారిటీ పెంచారన్నమాట. తేడా ఏమిటంటే ఇక్కడ పోయింది సర్వరు కాదు.

ఉప్పల్ రోడ్డులో ఎన్జీఆర్ఐ గేటు ముందునుంచే రోజూ ఆఫీసుకి వెళ్తాను. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వస్తే హైదరాబాదులోనూ తెలిసింది. ఆ రోజు ఆ గేటు కేసి కాస్త భక్తిగా చూశాను.

1997 లో బీఎంటీపీసీ వాళ్ళు దేశం మొత్తానికీ జిల్లాలవారీగా ప్రమాదాల అట్లాసు వేశారు. ఏ జిల్లాలో గోడలు మట్టివా ఇటుకవా, కప్పు ఏమిటి, గాలికీ వరదకీ భూకంపానికీ ఏమవుతుంది.. అన్నీ పట్టికలు. నిజంగా గొప్ప పని. కానీ అప్పటి రంగారెడ్డి జిల్లా అంటే ఉప్పల్ నుంచి తాండూరు దాకా ఒకటే గడి! 2016 లో మేడ్చల్-మల్కాజిగిరి అయ్యాక గడి చిన్నదైంది, అయినా వీధి కనపడదు. 2020 లో ఇదే జిల్లాలో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. హబ్సిగూడ, రామంతాపూర్ పల్లపు కాలనీలు మునిగాయి. మాకు రెండు వీధుల అవతల మెరక మీదున్నవాళ్ళు మాత్రం టీవీలో వరద చూస్తూ కూర్చున్నారు. సగటు తీస్తే ఇద్దరికీ నడుముల్లోతు నీళ్ళు!

1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో సుమారు 15 వేల మంది పోయారు. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన నగరం హద్దు దగ్గర ఆగలేదు. నీళ్ళెక్కణ్ణుంచి వచ్చాయో చూశారు, ఎగువన ఉన్న చెరువులు, తెగిన చెరువులు లెక్కపెట్టించారు. దాంట్లోంచే 1920 లో ఉస్మాన్ సాగర్, 1927 లో హిమాయత్ సాగర్ వచ్చాయి. కంప్యూటర్ లేని రోజుల్లో ఆయన పట్టుకున్న సంగతి ఇదే. నీటికి జిల్లా హద్దులు తెలీవు, పల్లమే తెలుసు.

2005 విపత్తు చట్టం ప్రకారం ప్రతి జిల్లాకీ ఒక ప్రణాళిక ఉండాలి, ఏటా సవరించాలి. అందులో మన నాలా, మన చెరువు అలుగు ఉన్నాయో లేదో అడిగేవాళ్ళు మనలో ఎంతమంది? ఫ్లాటు కొనేముందు వాస్తు చూస్తాం, ఈఎంఐ లెక్కేస్తాం. ఈసారి ఆ వీధిలో పాతికేళ్ళుగా ఉన్న కిరాణా కొట్టు ఆయన్ని కూడా ఓ మాట అడగండి, "అన్నా, 2000 ఆగస్టులో నీళ్ళు ఎందాకా వచ్చినయ్?" అని.

నేను అడగలేదు.