నాయనమ్మ ముక్కు ఎందుకు లావుగా పడింది? పోర్ట్రెయిట్ లెన్స్ అసలు కథ

మా ఇంట్లో హాల్లో మా నాయనమ్మ ఫోటో ఉంది. దండ వేసిన ఫోటో. తీసింది నేనే. మా అత్త వచ్చిన ప్రతిసారీ దాని ముందు నిలబడి ఒకటే మాట: "మా అమ్మ ముక్కు ఇంత లావుగా ఎప్పుడుందిరా?"

నిజమే, లేదు. తప్పు కెమెరాది కాదు, నాది. ఆ తప్పేంటో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

ఈ రోజు పోర్ట్రెయిట్ లెన్స్ హిస్టరీ. ఏ లెన్స్ తీసుకోవాలో చివర్లో చెప్తాను. ముందు కథ వినండి, అప్పుడు ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

1839 ఆగస్టులో పారిస్‌లో డాగెర్ ఫోటో పద్ధతిని అందరికీ బయటపెట్టారు. వెండి పూత పూసిన రాగి రేకు మీద బొమ్మ పడుతుంది. అద్భుతమే, కానీ ఒక పెద్ద చిక్కు ఉంది: టైమ్. ఆయన 1838లో పారిస్ వీధిని తీసిన ఒక ఫోటో ఉంది. పట్టపగలు, రద్దీ రోడ్డు. ఫోటోలో మాత్రం జనం లేరు! బండ్లు, మనుషులు అందరూ కదిలిపోతూ ఉన్నారు కాబట్టి రేకు మీద పడలేదు. స్పష్టంగా పడింది ఒక మూలన నిలబడ్డ మనిషి. ఆయన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా ఉన్నాడు మరి.

ఇప్పుడు ఆలోచించండి. ఎండలో నిమిషాల తరబడి రెప్ప వేయకుండా ఎవరు కూర్చుంటారు? అందుకే తల కదలకుండా వెనక నుంచి ఇనుప కొక్కెంతో పట్టి ఉంచేవారు. ఆ కాలం ఫోటోల్లో ఎవరూ నవ్వకపోవడానికి ఇదీ ఒక కారణం.

అసలు సమస్య లెన్స్‌లో ఉంది. డాగెర్ కెమెరాకి షెవాలియే అనే పారిస్ ఆయన లెన్స్ చేశారు. బొమ్మ స్పష్టంగా రావాలంటే దాని కన్నం బాగా చిన్నగా ఉంచాలి, సుమారు ఎఫ్ 15. ఎఫ్ నంబర్ అంటే ఫోకల్ లెంగ్త్‌ని కన్నం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. నంబర్ చిన్నదైతే కన్నం పెద్దది, వెలుతురు ఎక్కువ. అంతే.

ఇక్కడ మన హీరో వస్తాడు. జోసెఫ్ పెట్జ్వాల్. 1807లో, ఇప్పటి స్లొవేకియాలో పుట్టారు. వియన్నా యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసర్. అప్పటిదాకా లెన్స్ చేయడమంటే ఎక్కువగా అనుభవం, గాజు అరగదీసి చూడటం, బాగోకపోతే మళ్లీ అరగదీయడం. పెట్జ్వాల్ మాత్రం ముందు కాగితం మీద లెక్క కడదాం అన్నారు. ఒక్కో కాంతి కిరణం ఏ గాజులో ఎంత వంగుతుందో మొత్తం చేత్తోనే లెక్కించాలి.

ఒక్క మనిషి వల్ల అయ్యే పనా అది? ఆస్ట్రియా సైన్యం ఫిరంగి దళం నుంచి లెక్కలు వచ్చిన కొంతమంది సైనికులను ఆయనకి సాయంగా ఇచ్చారు. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్క కట్టేవాళ్లు, ఇప్పుడు వెలుతురు ఎక్కడ పడుతుందో లెక్క కట్టారు! సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు నేను సర్వర్ల మధ్య పని పంచేవాడిని. ఆయన 1840లోనే మనుషుల మధ్య పంచేశారు.

ఫలితం: నాలుగు గాజులు, సుమారు ఎఫ్ 3.6. షెవాలియే లెన్స్ కంటే దాదాపు 17 రెట్లు ఎక్కువ వెలుతురు. నిమిషాల పని సెకన్లలోకి వచ్చింది. మనిషి ముఖం తీయడం కోసమే పుట్టిన మొదటి గొప్ప లెన్స్ ఇదే. మధ్యలో మంచి షార్ప్, అంచుల్లో బొమ్మ గిర్రున తిరిగినట్టు మసకబారుతుంది. ముఖం మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

దాన్ని తయారుచేసి అమ్మింది వియన్నాలోని ఫోక్ట్‌లెండర్. పెట్జ్వాల్‌కి ఒకేసారి 2000 గుల్డెన్‌లు ఇచ్చారు. సరైన అగ్రిమెంట్ లేదు, ఆస్ట్రియా బయట పేటెంట్ లేదు. లెన్స్ యూరప్ అంతా అమ్ముడుపోయింది. ఇద్దరికీ చెడింది. ఫోక్ట్‌లెండర్ 1849లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్యాక్టరీ పెట్టి అమ్మకాలు కొనసాగించాడు. 1859లో పెట్జ్వాల్ ఇంట్లో దొంగలు పడి, ఆయన రాసుకున్న కాగితాలు పోయాయి. 1891లో చనిపోయారు. 2013లో లోమోగ్రఫీ కంపెనీ కిక్‌స్టార్టర్‌లో డబ్బు సేకరించి, కెనాన్, నికాన్ ఎస్ఎల్ఆర్‌లకి పెట్జ్వాల్ పేరుతోనే 85 ఎంఎం లెన్స్ తెచ్చింది. ఆ గిర్రున తిరిగే మసకే ఇప్పుడు దాని స్పెషాలిటీ!

ఇప్పుడు ఫిల్మ్ ఎస్ఎల్ఆర్‌కి వద్దాం. ఫిల్మ్ సైజు 36 బై 24 ఎంఎం. 1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. అద్దం ఉండటం వల్ల లెన్స్‌లోంచే నేరుగా చూడొచ్చు, పొడవు లెన్స్‌తో ఫ్రేమ్ పెట్టడం ఈజీ అయింది. 85, 105, 135 పోర్ట్రెయిట్ నంబర్లుగా స్థిరపడ్డాయి. 1984లో పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో స్టీవ్ మెకర్రీ తీసిన ఆకుపచ్చ కళ్ల ఆఫ్ఘన్ అమ్మాయి ఫోటో మీరు చూసే ఉంటారు. అది నికాన్ 105 ఎంఎం ఎఫ్ 2.5 లెన్స్‌తో తీసింది.

సరే, 85, 105 ఎందుకు? ఆ నంబర్లలో మ్యాజిక్ ఏమీ లేదు. అవి మిమ్మల్ని వెనక్కి నిలబెడతాయి. అంతే.

లెక్క చూద్దాం. ముక్కు కొన చెవుల కంటే ఒక 12 సెంటీమీటర్లు ముందుంటుంది అనుకోండి. కెమెరా ముక్కుకి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవులు 52 దగ్గర. అంటే చెవులతో పోలిస్తే ముక్కు 30 శాతం పెద్దగా పడుతుంది. అదే 2 మీటర్ల నుంచి తీస్తే తేడా 6 శాతమే. ముఖాన్ని మార్చేది దూరం. లెన్స్ ఆ దూరం నుంచి ఫ్రేమ్ నింపి ఇస్తుంది.

నా తప్పు ఇప్పుడు అర్థమైందా? కొత్త డీఎస్ఎల్ఆర్, కిట్ లెన్స్ 18 ఎంఎం దగ్గర పెట్టి, ఇరుకు గదిలో నాయనమ్మ మంచం మీదకి వంగి తీశాను. మహా అయితే 40 సెంటీమీటర్లు. తర్వాత క్రాప్ చేసి ఫ్రేమ్ కట్టించాం. క్రాప్ చేస్తే అంచులు పోతాయి గానీ దూరం మారదు కదా.

తర్వాత "పోర్ట్రెయిట్ అంటే 85" అని ఎక్కడో విని, సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొని బాబాయ్ కూతురి నిశ్చితార్థానికి తీసుకెళ్లాను. నా కెమెరా సెన్సర్ చిన్నది, 1.5 క్రాప్. 85 కాస్తా 127లా పనిచేసింది. వెనక్కి వెనక్కి వెళ్లి గోడకి ఆనుకున్నా పెళ్లికొడుకు తల తెగిపోయింది!

కాబట్టి సింపుల్‌గా: ఫిల్మ్ లేదా ఫుల్ ఫ్రేమ్ అయితే 85. రూమ్ పెద్దదైతే 105 కూడా బాగుంటుంది. క్రాప్ సెన్సర్ అయితే 50 చాలు, ధర కూడా తక్కువ. ఫోనే ఉందా? 2ఎక్స్ పెట్టి, ఒకటిన్నర, రెండు మీటర్లు వెనక్కి నిలబడండి. పోర్ట్రెయిట్ మోడ్ మసక మాత్రమే ఇస్తుంది, దూరం మీరే ఇవ్వాలి.

పోయిన సంక్రాంతికి తాతయ్య ఫోటో తీశాను. అరుగు మీద కూర్చోబెట్టి, 50 ఎంఎంతో, వాకిట్లో నిలబడి. అత్త చూసి ఏమీ అనలేదు. ఫోన్‌కి పంపించమంది.

నాయనమ్మది మాత్రం మళ్లీ తీయలేను. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారమే తీయండి. రెండడుగులు వెనక్కేసి తీయండి.