ధాన్యం, మిర్చి రిపోర్టులో ఆర్సెనిక్ ఎక్కువ వచ్చిందా? ముందు ఇవి చూసుకోండి

ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి అయినా, మిల్లుకు వెళ్లే ధాన్యం అయినా, ఎగుమతికి పోవాలంటే సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ పరీక్షలు అడుగుతారు. రిపోర్టులో అంకె ఎక్కువ ఉంటే సరుకు ఆగిపోతుంది. అయితే ఆ అంకె మొత్తం ఆర్సెనిక్‌దే కాకపోవచ్చు.

యంత్రం ఎలా లెక్కిస్తుంది?

ఈ పరీక్షలను ఎక్కువగా ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రంపై చేస్తారు. నమూనాను ఆమ్లంలో కరిగించి, సన్నని తుంపరగా ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపుతారు. అక్కడ వేడి సుమారు 6,000 నుంచి 10,000 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడికి అణువులు విడిపోయి పరమాణువులవుతాయి. అవి ఎలక్ట్రాన్ కోల్పోయి అయాన్లుగా మారతాయి. యంత్రం వాటిని బరువును బట్టి లెక్కిస్తుంది. ఆర్సెనిక్ బరువు 75.

పొరపాటు ఎక్కడ వస్తుంది?

ప్లాస్మా నడుమ విడిపోయినవి, వేడి తగ్గే అంచుల్లోనూ యంత్రంలోకి వెళ్లే సన్న రంధ్రం దగ్గరా మళ్లీ జతకడతాయి. ఆర్గాన్ 40, క్లోరిన్ 35 కలిస్తే 75. ఒకే 75 కిలోల బస్తా పెట్టినా, 40, 35 కిలోల బస్తాలు రెండు పెట్టినా కాటా ఒకే అంకె చూపుతుంది కదా, ఇదీ అంతే. అలాగే మాలిబ్డినం 95, ఆక్సిజన్ 16 కలిసి 111 వద్ద కాడ్మియంలా కనిపిస్తాయి.

క్లోరిన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎర్ర పొటాష్‌లో (మ్యూరేట్ ఆఫ్ పొటాష్) సుమారు 47 శాతం క్లోరిన్ ఉంటుంది. ఉప్పు బోరు నీటి నుంచి, ల్యాబ్‌లో వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం నుంచి కూడా రావచ్చు.

మంచి ల్యాబ్‌లలో అయాన్లను హీలియం వాయువు గుండా పంపుతారు. జంట అయాను పెద్దది కనుక ఎక్కువసార్లు ఢీకొని శక్తి కోల్పోయి ఆగిపోతుంది. ఆర్సెనిక్ అయాను దాటిపోతుంది.

మీరు చేయాల్సినవి

• వేర్వేరు బస్తాల నుంచి కొంచెం కొంచెం తీసి కలిపి నమూనా చేయాలి. అందులో సగం సీల్ చేసి మీ దగ్గరే ఉంచుకోవాలి.
• ఎరువు, ఉప్పు సంచులు వాడరాదు. శుభ్రమైన కొత్త ప్లాస్టిక్ కవరు వాడాలి.
• పొటాష్ ఎంత వేశారో, బోరు నీరు ఉప్పగా ఉందో లేదో ల్యాబ్‌కు రాసివ్వాలి.
• ఆర్సెనిక్ పరీక్షకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా, హీలియం పద్ధతిలో చేశారా, విలువ ముందే తెలిసిన ప్రమాణ నమూనాతో సరిచూశారా అని అడగాలి.
• పాలిష్ బియ్యానికి కోడెక్స్ పరిమితి కిలోకు 0.2 మిల్లీగ్రాములు. ఇది అకర్బన ఆర్సెనిక్‌కు మాత్రమే. రిపోర్టులో "మొత్తం ఆర్సెనిక్" ఈ పరిమితి దాటితే, అకర్బన ఆర్సెనిక్‌కు విడిగా పరీక్ష చేయించాలి.

మళ్లీ చేసినా ఎక్కువే వస్తే

అప్పుడు దాన్ని యంత్రం పొరపాటని వదిలేయకండి. ముందు బోరు నీటిని పరీక్ష చేయించండి. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించితే ఆ నీరు తాగరాదు. వరిలో ఆరుతడి పద్ధతి పాటిస్తే గింజలోకి చేరే ఆర్సెనిక్ తగ్గుతుంది. కానీ పొలం మరీ ఎండితే కాడ్మియం పెరగవచ్చు. అందుకే వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం లేదా మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు రిపోర్టు చూపించి సలహా తీసుకోండి.

గమనిక: రిపోర్టుకు భయపడి పొటాష్ మానేయవద్దు. మోతాదును భూసార పరీక్ష ప్రకారమే నిర్ణయించుకోవాలి.