కొవ్వొత్తిలో కొవ్వు

ముప్ఫై ఎనిమిదో గ్లాసు దీపం వెలుగులోకి ఎత్తి చూసి వదిన అక్కడే నేల మీద కూలబడింది.

"చెమట పట్టిందేంటి వదినా?" అన్నాను.

"చెమటా కాదు, పాడూ కాదు. జిడ్డు. వేలు పెట్టి చూడు."

పెట్టాను. నూనె.

ఇది మంగళగిరిలో మా ఇంట్లో పోయిన శ్రావణంలో జరిగింది. పేర్లు రాయొద్దని వదిన షరతు. సరుకు అమ్మిన కొట్టు పేరు అసలే వద్దంది. వాళ్లని అప్పటికే ఫోన్లో చెడామడా అనేసింది మరి.

గృహప్రవేశానికి వచ్చిన ఆడవాళ్లకి చేతిలో పెట్టడానికి అరవై గ్లాసు కొవ్వొత్తులు కావాలన్నారు. గ్లాసుకి 150 గ్రాముల సోయా మైనం, మల్లెపూల వాసన. ముహూర్తం ఇంకా నాలుగు రోజుల్లో. ఉగాది ముందు తెచ్చిన పాతిక కిలోల బస్తాలో సగం మిగిలే ఉంది. అదే బస్తా మైనంతో వేసవిలో చేసినవన్నీ వెన్నముద్దల్లా వచ్చాయి. ఇప్పుడేమో మొదటి పది బాగున్నాయి. తర్వాతి వాటి పైన గుంటలు పడ్డాయి, కొన్నిటికి లోపలంతా తెల్లటి మచ్చలు. ముప్ఫై దాటాక ఈ జిడ్డు.

అమ్మ వచ్చి చూసి "బూజు పట్టిందే అమ్మాయ్" అంది. అద్దాలు పెట్టుకుని మళ్లీ చూసి మాట మార్చుకుంది. "బూజు కాదులే. నెయ్యి పూస కట్టినట్టుంది."

ఆ మాట ఆ పూట ఎవరూ పట్టించుకోలేదు.

అనుమానం మొదట సెంటు మీదకి పోయింది. ఎక్కువ పోస్తే మైనం పట్టలేక బయటికి కక్కుతుంది. కానీ వదిన ప్రతిసారీ తూకం వేసింది, నూటికి ఆరు పాళ్లే. తర్వాత ముసురు. గోడలు చెమ్మగిల్లే రోజులు కాబట్టి మైనం నీరు పీల్చి ఉంటుందని నేనే అన్నాను. పిచ్చి మాట. నూనె నీరు పీలుస్తుందా? ఆ తర్వాత థర్మామీటరు. మరిగే నీళ్లలో ముంచితే నికరంగా 100 చూపించింది. ఇక మిగిలింది కొట్టువాడు. "మేడం, అది ఒకే లాటు సరుకు. మీ బస్తాలో సగం బాగుండి సగం పాడైతే నేనేం చెప్పను?" అన్నాడు. తప్పించుకుంటున్నాడని వదిన ఫోన్ పెట్టేసింది.

నిజానికి చిక్కుముడి విప్పే మాట అదే.

రాత్రి పదింటికి కరెంటు పోయింది. మంచి గ్లాసుల్లో ఒకటి వెలిగించుకుని వదిన తన లెక్కల నోటుబుక్కు తెరిచింది. ఏ గ్లాసు ఏ పూట పోసిందో వరసగా రాసుకునే అలవాటుంది ఆవిడకి. నేత ఇల్లు. పడుగు లెక్క తప్పితే చీర పాడని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన మనిషి. నంబర్లు పెరిగేకొద్దీ జిడ్డు పెరిగింది. నంబర్లు పెరగడమంటే బస్తాలో చెయ్యి ఇంకా కిందికి పోవడమే.

"అబ్బాయ్, ఎండాకాలంలో బస్తా ఎక్కడుంది?"

పాత మగ్గం గదిలో. రేకుల కప్పు. మే నెలలో బయట నీడలోనే 45 దాటే ఊళ్లు మావి. రేకు కింద ఎంతుంటుందో ఎవరూ కొలవలేదు.

అప్పటికప్పుడు రెండు స్టీలు గిన్నెలు తెచ్చింది. ఒకదాంట్లో బస్తా అంచులకి పైన అంటుకుపోయిన పెచ్చులు, ఒకదాంట్లో అడుగున ముద్దలు కట్టినవి. రెండిటినీ 45 డిగ్రీల నీళ్లలో తేలేసింది. పైవి అలాగే నిలబడ్డాయి. అడుగువి పది నిమిషాల్లో జావ అయ్యాయి. ఒకే బస్తా, రెండు రకాల మైనం.

సంగతి ఇక్కడే ఉంది. మామూలు కొవ్వొత్తి పారఫిన్‌ది, పెట్రోలియం నుంచి వస్తుంది. పేరుకే అది కొవ్వు వత్తి. సోయా మైనం అసలైన కొవ్వు. సోయా నూనెకి నికెల్ సమక్షంలో హైడ్రోజన్ ఎక్కిస్తే గడ్డకడుతుంది. ద్రవ నూనెలని అలా గడ్డకట్టించే పద్ధతికి జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. మనకి 1937లో వచ్చిన డాల్డా ఆ దారిదే. ఇందులో ఒక తమాషా ఉంది. 1837లో అమెరికాలోని సిన్సినాటిలో కొవ్వొత్తులు చేసే ప్రాక్టర్, సబ్బులు చేసే గ్యాంబుల్ అనే తోడల్లుళ్లిద్దరు పెట్టిన కంపెనీయే 1911లో ఈ పద్ధతితో క్రిస్కో అనే వంట కొవ్వు అమ్మింది. అలా కొవ్వొత్తుల వాళ్ల చేతుల మీదుగా వంటింట్లోకి వెళ్లిన కొవ్వు, 1990ల మొదట్లో అయోవాలో మైకేల్ రిచర్డ్స్ అనే ఆయన తేనెమైనం ఖరీదు భరించలేక సోయాని పట్టుకున్నాక మళ్లీ వత్తి చుట్టూ చేరింది.

పూర్తిగా హైడ్రోజన్ ఎక్కిస్తే ఈ కొవ్వు దాదాపు 70 డిగ్రీల దాకా కరగదు. గ్లాసులో పోసేదానికి అంత గట్టిదనం పనికిరాదు కాబట్టి గట్టి పాలూ మెత్తటి పాలూ కలిసి ఉండేలా చేస్తారు. చలికాలం పామాయిల్ ప్యాకెట్‌లో అడుగున తెల్లగా పేరుకుని పైన నూనె తేలడం చూశారుగా, ఆ రెండు పాళ్లే. మా రేకుల గదిలో మే ఎండకి మెత్తటి పాలు కరిగి పెచ్చుల సందుల్లోంచి అడుక్కి దిగింది. గట్టిది పైన మిగిలింది.

మర్నాడు వదిన బస్తా మొత్తం గుండిగలో పోయించింది. పాడైన గ్లాసుల్ని వేడినీళ్లలో నిలబెట్టి, కరిగిన మైనాన్నీ అందులోనే కలిపింది. 80 డిగ్రీలకి తెచ్చి ఇరవై నిమిషాలు కలియబెట్టింది. సగం సగం కరిగిస్తే పాత స్ఫటికాలు మిగిలిపోయి, కొత్తవి వాటినే పట్టుకుని పెరుగుతాయి. తర్వాత పళ్లేల్లో పోసి, ఆరాక ముక్కలు కొట్టింది. ఇప్పుడు ఏ ముక్క తీసినా ఒకటే.

తెల్లమచ్చల సంగతికి మాత్రం అమ్మ మాటే దిక్కయింది. నెయ్యి నిదానంగా చల్లారితేనే పూస కడుతుంది, గబుక్కున చల్లారితే నున్నగా వస్తుంది. సోయా కొవ్వుకి పెద్ద పెద్ద స్ఫటికాలు కట్టే గుణం పుట్టుకతోనే ఉంది. పామ్ కొవ్వుకి అది తక్కువ. అందుకని 58 దగ్గర పోసి, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పెట్టింది. ఫ్యాన్ మాత్రం ఆపింది. ఫ్యాన్ గాలికి పైన పెచ్చు ముందు గట్టిపడి, లోపల ఆలస్యంగా కుంచించుకుపోయేది. ఆ గుంటలు అందువల్లే.

యాభై ఆరు నున్నగా వచ్చాయి. వాసన మాత్రం అనుకున్నంత లేదు. సోయాలో సెంటు కుదురుకోవడానికి రెండు వారాలన్నా పడుతుంది, మాకున్నది రెండు రోజులు. చోటు చాలక పొయ్యి పక్కన పెట్టిన నాలుగూ వేడికి మెల్లగా చల్లారి మళ్లీ పూస కట్టేశాయి. వేరే దారిలేక వాటినీ పెట్టెలో సర్దేశాం. వదిన కొట్టువాడికి ఫోన్ చేసి సారీ కూడా చెప్పింది, నేను వినకుండా.

పది రోజుల తర్వాత ఆ గృహప్రవేశం ఇంటావిడ ఫోన్ చేసింది. గ్లాసు నిండా తెల్లపూల డిజైన్ ఉన్నవి నాలుగే వచ్చాయట, వాళ్ల చుట్టాలకి ఇంకో డజను కావాలట.

"చేస్తానండీ. కాకపోతే డిజైన్‌వి కదా, ఒక్కోటి ఇరవై రూపాయలు ఎక్కువవుతాయి" అంది వదిన.